ఆరు నిమిషాల నడక

మా ఆసుపత్రి పాత భవనం మూడో అంతస్తులో పొడుగాటి నడవా ఒకటుంది. సరిగ్గా ముప్ఫై మీటర్లు. రోడ్డు మరమ్మతు చేసేచోట పెట్టే నారింజ రంగు కోన్లు రెండు తెచ్చి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పెడతాను. మధ్యలో డాక్టర్ కాలినా గడియారం పట్టుకుని నిలబడుతుంది. పేషెంటు ఈ కోను నుంచి ఆ కోను దాకా, మళ్లీ వెనక్కి, ఆరు నిమిషాలు నడవాలి. వాళ్ల వెనకాలే నేను చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్లాలి, కాళ్లు తేలిపోతే అందులో కూలబడ్డానికి. ఆ పరీక్షలో అంతే నా పని. డాక్టరు నిమిషాలు చెప్పడం తప్ప, నడిచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. అందుకే నాకు ఆ పని నచ్చింది. మాట్లాడ్డం నాకు మొదట్నుంచీ కష్టం.

ప్రమాదంలో దెబ్బలు తిని, వచ్చిన రోజే ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు ఏడాది తిరిగాక ఎలా ఉన్నారు, మెట్లెక్కుతున్నారా, మళ్లీ పనిలోకి వెళ్తున్నారా, ఎవరు పోయారు, ఎందుకు పోయారు... కాలినా పరిశోధనంతా అదే. రాజధాని సోఫియా నుంచి వచ్చింది. సన్నగా ఉంటుంది, భోజనం సంగతి మర్చిపోతుంది. పాత కాగితాలన్నీ తిరగేసి, గుమ్మం దాటిన నిమిషం నుంచి బల్ల ఎక్కిన నిమిషం దాకా ఎంతసేపు పట్టిందో ఒక్కొక్కరికీ రాసుకుంటుంది.

ఆ నిమిషాల దగ్గరే రుమేనా దొరికిపోయింది.

రుమేనా ఎమర్జెన్సీలో పెద్ద నర్సు. ఇరవై ఆరేళ్లుగా ఇద్దరం ఒకే చోట పనిచేస్తున్నాం. ఎవర్ని ముందు తీసుకుపోవాలో ఆమె చెబుతుంది, స్ట్రెచర్ తోసుకుని పైకి తీసుకెళ్లేది నేను. పోయిన ఫిబ్రవరిలో కనుమ దారి మీద మంచులో ఒక మినీబస్సు, కలప లారీ గుద్దుకున్నాయి. ఒక్కసారే పదకొండు మందిని తెచ్చారు. వాళ్లలో ఇద్దరికి వెంటనే కొయ్యాలి. ఒకడు బ్లాగోయ్, లారీ డ్రైవరు. తొడ, తుంటి విరిగాయి. రెండో ఆమె దఫీనా, బట్టలు కుట్టేది. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఒంటి మీద చిన్న గాటు కూడా లేదు.

మా లిఫ్టులో ఒక్క స్ట్రెచరే పడుతుంది. లిఫ్టులో ముందు ఎవరొస్తే వాళ్లదే ప్రాణం మీదికొచ్చిన కేసని పైన అనుకుంటారు. మళ్లీ అడగరు. ఏళ్ల తరబడి అదే అలవాటు. ఆ సాయంత్రం పైన సర్జన్ ఒక్కడే ఉన్నాడు. బ్లాగోయ్ ముందు వెళ్లాడు. రెండో సర్జన్ ఇంటి నుంచి మంచులో పడి వచ్చేలోగా దఫీనా కింద, లిఫ్టు పక్కనే పోయింది. లోపల లోపలే రక్తం పోయిందట.

తప్పు మనిషిని ముందు పంపమని చెప్పింది రుమేనాయే అయ్యుండాలని ఆసుపత్రి విచారణ కమిటీవాళ్లు తేల్చారు. వచ్చే సోమవారం తమ ముందుకి రమ్మని ఆమెకి కబురు పెట్టారు. ఉద్యోగం పోవడం ఖాయమన్నారు.

"చెప్పే ఉంటానేమోనే వెలిచ్కా," అంది రుమేనా, కాఫీ మెషీను దగ్గర నిలబడి. కాఫీ తాగట్లేదు, కప్పు తిప్పుతోంది. "పదకొండు మంది. ఎవరికేం చెప్పానో నాకే గుర్తులేదు. నా నోరే ఆమెని చంపిందేమో."

ఆమె ఏం చెప్పిందో నాకు తెలుసు. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

"అరిచేవాడు ఆగుతాడు. నోరెత్తనిదాన్ని ముందు పైకి తీసుకుపో."

అరుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టే, చప్పుడు లేనివాళ్లనే చూడాలని ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. నాకూ తెలుసు. కానీ వాడు నా చెయ్యి పట్టుకుని 'అమ్మా, వదలకమ్మా' అని కేకలు పెడుతుంటే నా చెవులు పగిలిపోయాయి. వాడి నోరు మూతపడితే చాలనిపించింది. వాణ్ణి ముందు తోసుకుపోయాను. దఫీనా చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు.

ఏడాదిగా ఆ మాట నా నోటి దాకా వస్తుంది. మళ్లీ మింగేస్తాను.

ఆ రోజు గురువారం. ఆ ప్రమాదం జరిగి సరిగ్గా ఏడాది. మధ్యాహ్నం నుంచి మంచు పడుతూనే ఉంది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి తలకి నల్ల గుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకామె గేటు తలుపు మీద కాగితం అంటిస్తోంది. చనిపోయినవాళ్ల ఫొటోతో ఏడాదికి వేసే కాగితం. 'నువ్వు లేని ఏడాది' అని రాసుంది. దఫీనా అందులో నవ్వుతోంది.

ముసలావిడ సంచిలోంచి చిన్న గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. ఉడికించిన గోధుమలు, పైన చక్కెర, అక్రోటు పొడి.

"తినమ్మా, నా బిడ్డ పేరు మీద."

"దేవుడు ఆమె ఆత్మకి శాంతినివ్వాలి," అన్నాను.

"నువ్విక్కడే పనిచేస్తావా? ఆ రోజు ఉన్నావా?"

తలూపాను.

"చివర్లో ఏమైనా అందా తల్లీ? నన్ను అడిగిందా?"

"లేదు... ఏమీ అనలేదు."

అది అబద్ధం కాదు. అయినా నా మొహంలోకి వేడి పాకింది. గ్లాసు ఏప్రాన్ జేబులో పెట్టుకుని లోపలికి వచ్చేశాను. తినలేకపోయాను.

ఆరున్నరకి, చీకటి పడ్డాక, ఆఖరి పేషెంటు వచ్చాడు. బ్లాగోయ్. ఇప్పుడు కర్ర కూడా లేదు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు.

"పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదు బ్లాగోయ్ గారూ," అని నవ్వింది కాలినా.

"ఇంట్లో రాత్రంతా నాకిదే పరీక్ష డాక్టరమ్మా. నేలంతా అరగదీస్తున్నానని మా ఆవిడ తిడుతోంది. చెప్పుల కొట్టువాడు మాత్రం దండం పెడుతున్నాడు." నవ్వాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, గేటు మీద ఆ ఫొటో... నా పక్క స్ట్రెచర్ మీద ఉన్నావిడే కదూ?"

నేను కుర్చీ బ్రేకు తీశాను.

"మొదలుపెట్టండి," అంది కాలినా.

మొదటి రెండు చుట్లు బాగానే నడిచాడు. వాడి బూట్ల చప్పుడు. నా కుర్చీ చక్రాల చప్పుడు. కిటికీల బయట తెల్లగా, ఏమీ కనపడకుండా మంచు. నేను నాలుగడుగులు వెనకే ఉన్నాను. అంతకంటే దగ్గరికి వెళ్లకూడదు, తరుముతున్నట్టు ఉంటుంది.

మూడో చుట్టులో, దూరపు కోను దగ్గర తిరుగుతుంటే, కుర్చీ సీటు 'ఉఫ్' మంది.

మనిషి కూర్చుంటే రెక్సిన్లోంచి గాలి పోయే చప్పుడు అది. రోజుకి ఎన్నిసార్లు వింటానో. వంగి చూశాను. ఖాళీ. తోశాను. చేతులు బిగుసుకున్నాయి. కుర్చీ బరువుగా ఉంది. చక్రంలో గుడ్డపేలిక ఇరుక్కుందేమో అనుకున్నాను. కానీ గుడ్డ ఇరుక్కుంటే ఒక పక్కకి లాగుతుంది. ఇది లాగట్లేదు. తిన్నగా, మెత్తగా... మనిషిని తోస్తున్నట్టు ఉంది.

"రెండు నిమిషాలయ్యాయి. బాగా నడుస్తున్నారు," అంది కాలినా.

"అక్కా, మడమలకి తగిలిస్తున్నావు," అన్నాడు బ్లాగోయ్, వెనక్కి చూడకుండా.

నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను.

వాడు వేగం పెంచాడు. కాలినా ఏదో రాసుకుంది, సంతోషంగా. నాకు వాసన తగిలింది. ఉడికిన గోధుమలు, పోయినవాళ్లకి వెలిగించే కొవ్వొత్తుల కాలిన మైనం. నా జేబులో ఉన్నదేలే అనుకున్నాను. మైనం ఎక్కడిది మరి?

అప్పుడు కరెంటు పోయింది.

మంచు పడితే మాకు మామూలే. జనరేటరు ఆపరేషన్ గదులకే, ఈ నడవాకి రాదు. కాలినా ఫోను లైటు వేసి పైకెత్తింది. "ఆపకండి! మధ్యలో ఆపితే ఇదంతా పోతుంది. ఈ మంచులో ఆయన మళ్లీ రాలేరు. గోడ పట్టుకుని నడవండి. వెలిచ్కా పిన్నీ, మీరూ రండి."

నడవా మధ్యలో చిన్న వెలుగు. రెండు చివర్లా చీకటి.

చీకట్లోకి వెళ్లాం. కోను చుట్టూ తిరిగాం. వెలుగులోకి వచ్చాం. ఆ వెలుగులో కుర్చీ చూశాను.

సీటు ఖాళీగానే ఉంది. కానీ రెక్సిన్ కిందికి దిగి ఉంది. రెండు తొడలు ఆనినట్టు... రెండు గుంటలు.

మళ్లీ చీకటి.

"అక్కా..." ముందు నుంచి గుసగుస. "ఎవర్ని ఎక్కించుకున్నావు?"

"ఎవరూ లేరు."

"ఊపిరి వినిపిస్తోంది."

నాకు వినిపించలేదు. దానికే భయం వేసింది. కుర్చీ నుంచి నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. చక్రాల చప్పుడు కూడా ఆగిపోయింది. కుర్చీ మాత్రం కదులుతోంది.

బ్లాగోయ్ పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆ తుంటితో. తొడలో వేసిన ఆ ఇనప కడ్డీతో. వెలుగులోంచి దూసుకుపోయాడు. చీకట్లోంచి కేక. ఏడాది కిందటి కేకే. అదే గొంతు, అదే మాట. 'అమ్మా, వదలకమ్మా...'

"బ్లాగోయ్ గారూ! నెమ్మది! పడిపోతారు!" కాలినా అరుస్తోంది.

కుర్చీ ఆగిపోయింది. తోశాను. కదల్లేదు. ఒళ్లంతా ఆనించి తోశాను. కదల్లేదు. నా చేతుల మీద చలి... ఎవరో తల వెనక్కి వాల్చి, నా వేళ్ల మీద జుట్టు ఆనించినట్టు.

ఆమె ఏమీ అనలేదు. అప్పుడూ అనలేదు.

ఇక నేనే అనాలి. ముందు గాలి మాత్రమే వచ్చింది. తర్వాత మాట.

"రుమేనా సరిగ్గానే చెప్పింది," అన్నాను. "నోరెత్తనిదాన్ని ముందు తీసుకుపొమ్మంది. నేనే ఇతణ్ణి ముందు ఎక్కించాను. తెలియక కాదు. తెలిసే."

గట్టిగానే అన్నట్టున్నాను. కేకలు ఆగిపోయాయి.

సీటు మళ్లీ 'ఉఫ్' మంది. చేతుల కింద కుర్చీ తేలికైపోయి చప్పున ముందుకి కదిలింది. ఆ తర్వాత నేల మీద అడుగులు. బూట్లవి కావు. ఒట్టి కాళ్లు చలవరాయి మీద పడే తడి చప్పుడు. నా ముందు నుంచి వెలుగు వైపు వెళ్లాయి. వెలుగు కొంచెం ఊగింది. దాటి వెళ్లిపోయాయి.

కరెంటు వచ్చింది.

బ్లాగోయ్ ఆ చివర గోడకి చేరబడి నేల మీద కూర్చున్నాడు. మంచం దిగి నడక మొదలుపెట్టాక వాడు కూర్చోడం అదే మొదలు అనుకుంటాను, మర్నాడు వాళ్లావిడ అలాగే అంది. కాలినా ఫోను దించలేదు. పగటిలాంటి వెలుగులో కూడా ఆ చిన్న లైటు పట్టుకునే నిలబడింది.

"పిన్నీ," అంది, "ఇప్పుడు నా పక్క నుంచి వెళ్లింది మీరేనా?"

నేను ఉన్నచోటు నుంచి కదల్లేదని ఆమెకీ కనిపిస్తోంది. మా మధ్య పదిహేనడుగుల దూరం ఉంది.

"చాలు బ్లాగోయ్ గారూ, ఆగండి. అయిపోయింది," అంది, గొంతు సవరించుకుని. వాడు ఎప్పుడో ఆగిపోయాడు.

సోమవారం కమిటీ ముందు నేనే మాట్లాడాను. ఏడు మాటలో ఎనిమిది మాటలో. పక్కన కాలినా నిలబడింది. రుమేనా ఉద్యోగం నిలిచింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున నా ముందు కాఫీ కప్పు ఠక్కున పెట్టింది. "ఏడాదిపాటు నన్ను నేనే తిట్టుకున్నానే. అన్నాళ్లు నీ నోట్లో ఏం పెట్టుకున్నావు, రాయా?" అంది. కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. కాఫీలో చక్కెర మాత్రం నాకు కావల్సినంత వేసింది.

దఫీనా తల్లి ఇంటికి కూడా వెళ్లాను. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. ఆవిడ విన్నది. తలుపు వేసుకుంది.

స్ట్రెచర్ల పని నా దగ్గర్నుంచి తీసేశారు. న్యాయమే. కాలినా పని అయ్యేదాకా నాకు ఆ నడవా ఒక్కటే మిగిలింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే.

కుర్చీ మళ్లీ ఎప్పుడూ బరువెక్కలేదు. ఆ చప్పుడు కూడా వినపడలేదు. పోయిందనే అనుకున్నాను.

కానీ పేషెంట్లు ఒక పని చేస్తున్నారు. ముందు నేను పట్టించుకోలేదు. నడుస్తూ నడుస్తూ, నడవాలో ఎక్కడో ఒకచోట, ఒక్క అడుగు పక్కకి జరుగుతున్నారు. ఇరుకు మెట్ల మీద ఎదురొచ్చేవాళ్లకి దారి ఇచ్చినట్టు. ఒకరు కాదు, అందరూ. ఒకరినొకరు ఎరగనివాళ్లు. ఎవరూ దాని గురించి అడగరు. కాలినా కూడా చూసింది. చూసి తల దించుకుని రాసుకుంటుంది. ఏం రాస్తుందో నేను అడగలేదు.

నిన్న ఒక ముసలాయన వచ్చాడు. చెర్రీ చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నవాడు. మర్యాదస్తుడు. నాలుగో చుట్టులో గోడ పక్కకి ఒదిగి, ఎవరినో పలకరించినట్టు టోపీ కొంచెం ఎత్తి పెట్టుకున్నాడు. ఆరు నిమిషాలూ అయ్యాక నా కుర్చీలో కూర్చుని, రొప్పు తగ్గేదాకా ఆగి, నావైపు తిరిగాడు.

"నా వెనకాల నువ్వున్నావు, బాగానే ఉంది," అన్నాడు మెల్లగా. "పాపం, ఆవిడ కాళ్లకి చెప్పులు కూడా లేవు. ఆవిడ వెనకాల కుర్చీ ఎవరూ తొయ్యట్లేదేం?"