పనివేళ ఊపిరి

"ఇంకా ఎల్లలేదేంటమ్మా? తొందరగా ఎల్లు."

లోవకుమారి తన తల్లి నూకరత్నం చేతిలో టిఫిను డబ్బా పెట్టి, రెండు చేతులతో ఆమెను గుమ్మం వైపు నెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల. పెదాలు బిగించి ఉంది, మెడ నరాలు తేలి ఉన్నాయి. పొద్దున లేచిన దగ్గర నుంచి దగ్గును గొంతులోనే అదిమిపెట్టుకుని కూర్చుంది, తల్లి డ్యూటీ ఎక్కాక దగ్గుదామని.

నూకరత్నం చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తింది. పాత ఊరిని సముద్రం మింగి ముప్పై ఏళ్ళయింది. కొత్త ఊళ్ళో ఇళ్ళన్నీ స్తంభాల మీదే. మెట్లు దిగి, వంతెన దాటి, రొయ్యల ఫ్యాక్టరీ చేరి, తన కుర్చీలో కూలబడి జాడతొడుగులు చేతులకు ఎక్కించింది. తొడుగులు ఆమె చేతులను గుర్తుపట్టి వెచ్చబడ్డాయి. అదే క్షణంలో ఇంటి దగ్గర, లోవ మెడ ఎముక కింద చర్మంలో పొదిగిన ఊపిరికావలి దీపం ఎరుపు నుంచి పచ్చకు మారింది. పిల్ల అప్పుడు దగ్గింది. తనివితీరా దగ్గింది.

ఊపిరికావలి గొప్ప వస్తువు, అది ఎవరూ కాదనరు. పుట్టు ఆయాసం ఉన్న బిడ్డకు ఊపిరి గొట్టాలు బిగుసుకోబోతున్నాయని ముందే కనిపెట్టి మందు చుక్క వదులుతుంది. పట్టు ఉన్నట్టుండి వచ్చినా రెప్పపాటులో వదులుతుంది. ఆ చుక్క వదలడానికి బీమా వాళ్ళ అనుమతి కావాలి, అంతే. మూడు నెలల కిందటి దాకా ఆ అనుమతి రాత్రనక పగలనక వచ్చేది.

తర్వాత కంపెనీ బీమాను కోసేసింది. కోసేశామని చెప్పదుగా, "పనివేళ రక్షణ" అని ముద్దుపేరు పెట్టింది. ఉద్యోగి తొడుగులు తొడుక్కుని ఉన్నంతసేపే బిడ్డకు మందు. తొడుగులు తీస్తే దీపం ఎరుపు. విడిగా కొనుక్కుందామంటే ఆ మందు బయట అమ్మరు.

నూకరత్నం క్షేమాధికారి దగ్గరికి వెళ్ళింది. అతని పేరు ఫణిభూషణ్. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. ఎంతో ఓపికగా వివరించాడు.

"చూడండి రత్నంగారూ, మేం బీమా ఎందుకిస్తాం? ఇంటి దగ్గర బిడ్డ గురించి దిగులుంటే మీ చేయి వణుకుతుంది. చేయి వణికితే రొయ్య తెగుతుంది. ఆ దిగులు తీర్చడం మా బాధ్యత. డ్యూటీ దిగాక మీరు దిగులుపడితే రొయ్యకేం నష్టం చెప్పండి?"

అతను నవ్వుతూ అని ఉంటే ఆమె చెంప పగలగొట్టేదేమో. నవ్వలేదు. రొయ్యకేం నష్టమన్నది అతనికి నిజంగానే ప్రశ్న.

"అయితే ఆదివారం నా కూతురు ఊపిరి తీసుకోకూడదాండి?"

"అలాగని నిబంధనల్లో ఎక్కడా లేదండీ" అన్నాడు మర్యాదగా.

అతని దిగులు లెక్క గాలికబురు కాదు. చలిగదిలో ఇనుప చేతులు రొయ్యల్ని ఒలుస్తాయి గానీ, వీపులోని నల్లనరాన్ని కండ తెగకుండా లాగడం వాటికి నేటికీ రాదు. అందుకే గాజుగోడకు ఇవతల వంద మంది ఆడవాళ్ళు తొడుగులు వేసుకుని వేళ్ళు కదుపుతుంటారు. ఆ జాడనే ఇనుప చేతులు అనుసరిస్తాయి. వేళ్ళలోని వణుకును తొడుగు కొలిచి, ఎవరికెంత దిగులుందో వాళ్ళు ఇంటికెళ్ళినా తీయని మణికట్టు పలక మీద అంకె వేసి చూపిస్తుంది. బిడ్డ కోసం తల్లి పడే వేదనకు కంపెనీ కట్టిన విలువ ఆ అంకె.

బీమా కోసేశాక వచ్చిన మొదటి ఆదివారమే పట్టు వచ్చింది. తల్లీకూతుళ్ళు ఏదో ఆటలో పడి నవ్వుకుంటున్నారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది, కావలి ఎర్రగా చూస్తూ ఊరుకుంది. పాతకాలపు పీల్చే మందు పనిచేయలేదు. పెదాలు నల్లబడిన పిల్లను భుజాన వేసుకుని నూకరత్నం సర్కారు ఆసుపత్రి దాకా పరుగెత్తింది. ప్రాణం దక్కింది. తిరిగొస్తూ దారిలో కూతురికి గట్టిగా చెప్పింది.

"నేనింట్లో ఉన్నంతసేపూ గెంతకు, అరవకు, నవ్వకు. నేను డ్యూటీకెల్లాకా నీ ఇష్టం. ఇన్నావా?"

భయం కొద్దీ అన్న మాట. పిల్ల తలూపింది, ఆ మాటను మళ్ళీ దాటలేదు.

ఆ తర్వాత నూకరత్నం రెండేసి డ్యూటీలు చేయసాగింది, ఆదివారాలతో సహా. పదహారు గంటలు. పొద్దున కూతురు బయటికి నెడుతుంది. తిరిగొచ్చేసరికి నిద్రపోయి ఉంటుంది. పక్కింటి సింహాచలం తాత పిల్లను కనిపెట్టుకుని ఉండేవాడు. మూడో నెలలో ఒకరోజు నూకరత్నం తొడుగుల్లో చేతులుండగానే బల్ల మీదికి ఒరిగిపోయింది. పక్క కుర్చీలోని బుల్లెమ్మ భుజం పట్టి లేపింది. సింహాచలం తాత భార్యే ఆమె.

"ఇలాగైతే పిల్లకి నువ్వే మిగలవే. ఓ పూట ఇంటికెల్లు."

"తొడుగు తీత్తే దాని మందు ఆగిపోద్ది పిన్నీ."

"తియ్యొద్దు. సేయి మారుద్దాం." బుల్లెమ్మ గొంతు తగ్గించింది. "మా అమ్మ రోజుల్లో రొయ్యలు సేత్తోనే ఒలిసేవోరు. సంటిపిల్ల తల్లి పాలియ్యడానికి లేసిందనుకో, అటుపక్కామె ఓ గుప్పెడు, ఇటుపక్కామె ఓ గుప్పెడు ఆమె పళ్ళెంలో ఏసేవోరు. మేస్త్రీ వచ్చి సూసేసరికి పళ్ళెం నిండుగుండేది. ఇనప సేతులొచ్చాయని మన సేతులు పడిపోయినాయేటి?"

తొడుక్కునేటప్పుడు తప్ప తొడుగు మళ్ళీ చేతిని పోల్చుకోదు. ఆ తర్వాత అది చూసేది వెచ్చదనాన్నీ కదలికనూ మాత్రమే. చల్లారేలోపు ఒక చేయి తీసి ఇంకో చేయి దూర్చితే దానికి తెలియదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆ రోజు తమ టీ విరామం వదులుకున్నారు. మనిషికి పావుగంట చొప్పున రెండు గంటలు. ఎవరూ ఆమెను బతిమాలించుకోలేదు. మధ్యాహ్నం మూడింటికి నూకరత్నం చేయి తీసింది, బుల్లెమ్మ చేయి దూర్చింది. ఫ్యాక్టరీకి చీమ కుట్టినట్టయినా లేదు.

మూడు నెలల తర్వాత పగటి వెలుతురులో ఇంటికి వెళ్తోంది. వంతెన దగ్గర వేడి పునుగులు పొట్లం కట్టించుకుంది. మెట్లెక్కుతుండగా నవ్వు వినిపించింది.

లోవ నవ్వు. కెరటాలు కెరటాలుగా, మధ్యలో ఎక్కిళ్ళతో. ఆ నవ్వెలా ఉంటుందో తను మరిచిపోయిందని నూకరత్నానికి అప్పుడే తెలిసింది. తలుపు సందులోంచి చూసింది. సింహాచలం తాత మోచేతులు పైకెత్తి, పీతలా పక్కకు పక్కకు నడుస్తూ మంచంకోడును ఢీకొంటున్నాడు. పిల్ల పొట్ట పట్టుకుని దొర్లుతోంది.

నూకరత్నం తలుపు తోసింది.

నవ్వు తెగిపోయింది. లోవ రెండు చేతులతో నోరు మూసుకుని చటుక్కున చాప మీద బాసింపట్టు వేసుకుంది. మెల్లగా, కొంచెం కొంచెంగా, ముక్కుతో గాలి పీల్చసాగింది. కళ్ళు తల్లి చేతుల మీదే ఉన్నాయి.

"తొడుగులేవి?"

"బుల్లెమ్మ మామ్మ ఏసుకుందే. ఇదిగో సూడు, దీపం పచ్చగానే ఉంది." నూకరత్నం అద్దం తెచ్చి చూపించింది. పిల్ల దీపాన్ని చూసింది, తల్లిని చూసింది.

"నువ్వున్నావుగా" అంది.

"ఉన్నా పర్లేదమ్మా. ఈయాల ఉండొచ్చు. నవ్వు, నవ్వవే తల్లీ." నూకరత్నం కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని చక్కిలిగింతలు పెట్టబోయింది. లోవ కొయ్యబారింది. ఊపిరి బిగబట్టింది. బిగబట్టి బిగబట్టి, చివరికి పిల్లికూత మొదలై డొక్కలు ఎగరసాగాయి. కావలి చిన్నగా టిక్కుమంది. మందు చుక్క పడింది. నిమిషంలో ఊపిరి కుదుటపడింది. యంత్రం చేయాల్సిందంతా తు.చ. తప్పకుండా చేసింది.

పిల్ల మాత్రం తల్లి ఒడిలోంచి జారి, ఏడుస్తూ, రెండు చేతులతో ఆమెను గుమ్మం వైపు నెట్టింది.

"ఎల్లిపోమ్మా. నువ్వుంటే నేను సచ్చిపోతాను. ఎల్లిపో."

సింహాచలం తాత ముఖం తిప్పుకున్నాడు. నూకరత్నం పునుగుల పొట్లం చాప మీద పెట్టి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

గోడకు ఆనుకుని నిలబడింది. చేతులు వణికాయి. మణికట్టు పలక వెలిగింది: "అభినందనలు. మధ్యాహ్నం మూడింటి నుంచి మీ దిగులు సున్నా. ఇంత నిలకడ మీరు గతంలో ఎన్నడూ చూపలేదు. మీ క్షేమమే మా ధ్యేయం."

ఆ పలకను రాయికేసి బద్దలు కొట్టాలనిపించింది. ఆ ఫణిభూషణ్‌ను మెడ పట్టి ఈ గుమ్మంలోకి లాక్కొచ్చి, ఇదిగో నీ పనివేళ రక్షణ, నా బిడ్డకు నన్నే జబ్బును చేసి పెట్టావు కదరా అని ఊరంతా వినబడేలా తిట్టాలనిపించింది. నోరు తెరిచింది కూడా.

లోపల మంచంకోడు చప్పుడయింది. తాత మళ్ళీ పీత నడక మొదలుపెట్టినట్టున్నాడు. తర్వాత ఒక చిన్న ఎక్కిలి, దాని వెనుక ఇంకొకటి, ఆ వెనుక ఆ నవ్వు.

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. అరిస్తే తను ఇక్కడే ఉందని పిల్లకు తెలిసిపోతుంది.