తొలగించిన సైగ

మా ఆఫీసు కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉంటుంది. బయట సూరత్ ఎండ మండుతున్నా లోపల తెరల వెలుగే. మేం తయారుచేసేది జట్లుగా తుపాకులతో కాల్చుకునే వీడియో గేమ్. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. అందులో దెబ్బతిన్న సహచరులను బాగుచేసే రోబోను రూపొందించే పని నాది. దానికి నోరు పెట్టలేదు. చేతి సైగలతోనే జట్టుతో మాట్లాడుతుంది.

ఆ సైగలు నేను కనిపెట్టినవి కావు. సూరత్ పక్కన జోల్వాలో మరమగ్గాల షెడ్డు మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అందుకే అక్కడ నేసే మావాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగింది, నీళ్లు కావాలి, సేటు వస్తున్నాడు. చిన్నప్పుడు మా బాపు తమ్ముడు, చిన్నబాపు నర్సింగం నాకు అన్నీ నేర్పాడు. చెయ్యి పైకెత్తి పిడికిలి రెండుసార్లు బిగిస్తే, బంద్. మగ్గం ఆపు.

పోయిన ఏడాది చిన్నబాపు చొక్కా కుడి చెయ్యి మగ్గం బెల్టులో చిక్కింది. ఎడమ చేత్తో ఆ సైగే చేశాడట. సూపర్‌వైజర్ చూశాడు. మెయిన్ స్విచ్ దించితే షెడ్డంతా ఆగుతుంది. "తాకా కానీ," అని పక్కవాడి చెవిలో అన్నాడట. నేస్తున్న గుడ్డ చుట్ట పూర్తవనీ అని. అది పూర్తయ్యేసరికి చిన్నబాపు లేడు. చేతులు చరిత్రను నేస్తాయి, సంతకం మాత్రం సేటు పెడతాడు.

ఆ సైగను రోబోకు పెట్టాను. మా హెడ్ రవీంద్ర భాయ్ తీసేయమన్నాడు. ఆగమని అడిగే యోధుణ్ని ఎవరూ ఎంచుకోరట. బిగించిన పిడికిళ్ల గురించి అన్ని పుస్తకాలు చదివిన నేను, గోడల మీద నినాదాలు రాసిన నేను, ఉద్యోగం పోతుందని తీసేశాను.

మంగళవారం మధ్యాహ్నం పరీక్ష ఆట. రోబోను ఆడిస్తున్నది చిరంజీవి, మా ఆఫీసులో టెస్టర్. నేనూ రవీంద్ర భాయ్ అతని వెనక నిలబడి పెద్ద తెర చూస్తున్నాం. మొదట వాసన వచ్చింది. యంత్రపు నూనె, వేడెక్కిన పోగు. తలుపులు మూసిన ఏసీ గదిలో. తర్వాత తుపాకుల చప్పుడు అడుగున ఇంకో చప్పుడు... ధడక్, ధడక్... ఒక మగ్గం, పది మగ్గాలు, వంద.

రోబో మైదానం మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, నేనేం నొక్కుతలేను," చిరంజీవి గుసగుసలాడాడు. "నా చేతులు చూడు."

రెండు చేతులూ గాల్లో ఉన్నాయి.

రోబో కుడి చెయ్యి పక్కకు సాగింది, ఏదో పట్టి లాగుతున్నట్టు. ఎడమ చెయ్యి పైకి లేచింది. పిడికిలి. మళ్లీ పిడికిలి. నేను సైగలన్నీ కుడి చేతికే పెట్టాను...

"తీసేయమన్నా కదా," అన్నాడు రవీంద్ర భాయ్.

"తీసేశాను."

"అయితే ఆపు, విజేతా."

ఆపాలట. ఇప్పుడు. ప్లగ్ నా కాలి దగ్గరే ఉంది. ఏడాదిగా మింగిన కోపంతో కాలు దాని నుంచి దూరంగా జరిపాను.

"తాకా కానీయండి భాయ్," అన్నాను.

అన్నాక తెలిసింది, నేనేం చేశానో. నోరు లేని ఆ ముఖం నా వైపు తిరిగింది. దాని కుడి చెయ్యి మెల్లగా... భుజం దాకా... తెగిపోయింది.

రవీంద్ర భాయ్ పరుగెత్తి గది మెయిన్ దించాడు. చీకటి. మోత ఆగలేదు. కరెంటు లేని తెర మీద రోబో ఇంకా ఉంది. మిగిలిన చేత్తో గుండె మీద రెండుసార్లు తట్టుకుని వేలు ముందుకు చాపింది. ఆ సైగ నాకు తెలియదు.

సాయంత్రం బమ్రోలిలో మా ఇంటికి పోయి బాపుకు చేసి చూపించాను. ఆయనా తమ్ముడూ ఒకే షెడ్డులో నేసినవాళ్లు. కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

"గిది ఎవలు చూపిచ్చిండ్రు బిడ్డా?"

"అంటే ఏంది బాపూ?"

"షిఫ్టు పాళి మారేటప్పుడు, దిగేటోడు ఎక్కేటోనికి చేస్తడు. నాది అయిపోయింది... ఇగ నువ్వు నిలబడు అని." నా వేలి వైపు చూస్తూ అడిగాడు. "ఎవలకు చూపిచ్చిండు?"

వేలు ఎవరి వైపు ఉందో నాకు తెలుసు. నా చేతిని వెనక దాచుకున్నాను.

మర్నాడు పొద్దున నా కుర్తా కుడి చేతికి ఒక పోగు చుట్టుకుని ఉంది. కొసన చిన్న ముడి. తెగిన పోగుకు చిన్నబాపు వేసే ముడి. తెంపేశాను.

ఇది రాస్తుంటే మళ్లీ ఉంది. ఈసారి కాస్త బిగుతుగా.