పీరయ్యా లేచి రారా

పొదిలి దగ్గరి పల్లెలో ఆ ఉదయం సైదాబీ వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్క వీధిలో పెళ్ళి. పొద్దున్నే డీజే మొదలైంది. "పీరయ్యా లేచి రారా, పిలిచి పిలిచి గొంతెండె" అంటూ డప్పుల హోరులో పాట వినబడగానే ఆమె చేతిలోని కాయ జారిపోయింది. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

కూతురు సమీరాకి ఏమీ అర్థం కాలేదు. ఆ పాట సంగతి చెప్పి అమ్మను మురిపిద్దామనే ఆమె హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చింది. లా చదివి, "కోర్టు మెట్లెక్కని లాయరేం లాయరే?" అని తండ్రి సుభానీ కోప్పడినా వినకుండా, ఒక మ్యూజిక్ కంపెనీలో పాటల హక్కులు చూసే ఉద్యోగంలో చేరింది. ఆ రోజు ఆమె వైపు నిలబడింది తల్లే.

చిన్నప్పుడు పొయ్యి దగ్గర అమ్మ సన్నగా పాడుకునే ఆ పాటను సమీరా ఒకసారి ఆఫీసులో పాడితే, సంగీత దర్శకుడు వదల్లేదు. ఎవరు కట్టారని అడిగాడు. "మా వైపు పీర్ల పండగ పాట సార్. పాతది, ఎవరిదీ కాదు" అంది సమీరా. ఒప్పందంలోనూ అలాగే రాసింది. సినిమాలో అది పెద్ద హిట్టయింది.

"అమ్మా, తలుపు తియ్యవే! ఆ పాట సినిమాకి ఇప్పించింది నేనే. నువ్వు పాడుకునేదే కదా!"

వెనక నుంచి సుభానీ గొంతు వినిపించింది. "నువ్వా? నువ్వా ఇచ్చింది?"

"పీర్ల పాటేగా నాన్నా, అందరిదీ..."

"పీర్ల పాట కాదే! మీ అన్న పాట!"

 తనకు అన్న ఉన్నాడని సమీరాకు ఎవరూ చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. సైదాబీ గుమ్మానికి ఆనుకుని మెల్లగా అంది.

"నీకంటే ముందు పుట్టాడు. పీరు. పీరయ్యా అని పిలిచేదాన్ని. మూడేళ్ళవాడు. జ్వరమొస్తే గుంటూరు తీసుకెళ్తున్నాం, బస్సులోనే నా ఒళ్ళో పోయాడు. ఏడుపు రాలేదమ్మా నాకు. దారంతా వాణ్ణి లేపుతూనే ఉన్నా. అప్పుడు నోటికొచ్చిన మాటలే అవి. నువ్వు పుట్టాక, పిల్ల మీద ఆ నీడ పడకూడదని మీ నాన్న వాడి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు." పక్క వీధి వైపు చూస్తూ, "ఆ పాటకి గంతులేస్తున్నారే..." అంది.

 ఈ పాట ఎవరిది అని ఊరందరినీ అడగడమే సమీరా ఉద్యోగం. కన్నతల్లిని మాత్రం అడగలేదు.

వెంటనే తన పై అధికారి దీప్తికి ఫోన్ చేసింది.

"మేడమ్, ఆ పాట జానపదం కాదు. మా అమ్మ కట్టింది. తప్పు నాదే, రాసిస్తాను."

"సమీరా, ఎవరిదీ కాదని సంతకం పెట్టింది నువ్వే. ఉద్యోగం పోతుంది, తెలుసా? ఈ ఫీల్డులో మళ్ళీ నిన్నెవరు నమ్ముతారు?"

"తెలీదు మేడమ్. అయినా రాసిస్తాను."

ఉద్యోగం పోయింది. కొన్ని నెలలకు పాట కింద సైదాబీ పేరు పడింది. కానీ పాట ఆగలేదు. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు చేరిపోయిన పాటను ఏ చట్టమూ వెనక్కి తేలేకపోయింది.

ఫోనులో ఆ పేరు చూపించిన రోజు సైదాబీ దాన్ని సరిగా చూడను కూడా లేదు. "నా పేరెందుకే నాకు? పోయినవాడు తిరిగొస్తాడా?" అంది.

సమీరా తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. "నన్ను క్షమించమ్మా" అంది. సైదాబీ చెయ్యి కూతురి జుట్టులోకి వెళ్ళింది.

"అన్న ఎట్లా ఉండేవాడమ్మా?"

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకు. గుమ్మంలో సుభానీ అడుగు ఆగిపోయింది.  సైదాబీ కళ్ళు తుడుచుకోకుండానే చిన్నగా నవ్వింది.

"వాడా? మహా అల్లరోడు. నడక రాకముందే..." అని మొదలుపెట్టింది. సుభానీ వచ్చి పక్కన కూర్చున్నాడు.