పదకొండో గడి

పరుగు!

ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. మెడకి మంగలి కట్టిన తెల్లగుడ్డ అలాగే వేలాడుతోంది.

"ఓయ్! సగం గడ్డంతో ఎక్కడికయ్యా?" వెనక నుంచి మంగలి కేక.

అతను ఆగడు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని బల్లి అంటారు. ఒకసారి గోడకి అతుక్కుంటే ఇక కదలడని సీనియర్లు పెట్టిన పేరు. నాలుగు నెలలుగా ఒక టైలర్ షాపుకి అతుక్కునే ఉన్నాడు. మఫ్టీలో. ఇన్సూరెన్స్ ఏజెంట్‌నని చెప్పుకుని.

ఈ సాయంత్రం హాఫ్ డే లీవు, తుపాకీ ఆఫీసులో అప్పగించేశాడు. గడ్డం గీయించుకుంటుంటే ఫోన్‌లో మెసేజ్!

"టైలర్. స్కోరు ఎనభై ఒకటి. టీమ్ బయల్దేరింది."

నెలనెలా పంపే నిఘా ఫారంలో ప్రమాదం స్కోరు ఎనభై దాటితే తుపాకులు వెళ్తాయి. అదీ రూలు.

నిన్నటిదాకా అరవై ఆరే! ఆ మిగతా పదిహేను ఎవరు వేశారు?

ఇంకెవరు... తనే!

పరిగెడుతూనే ఫోన్ చెవికి ఆనిస్తాడు. అవతల సెక్షన్ హెడ్డు. అందరికీ పెద్దాయన.

"సార్! టీమ్‌ని ఆపండి!"

"ఏమైందయ్యా?"

"పదకొండో గడిలో ఊరికే టిక్కు పెట్టేశాను సార్!"

పదకొండో గడి. 'ఆయుధం ఉందా?' ఉంది, లేదు, అవకాశం ఉంది. మూడింట్లో ఒకటి.

"ఊరికే పెట్టడమేంటి?"

"లేదు అని పెడితే నాలుగు పేజీల వివరణ రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఫారం తిరిగొస్తుంది. పోయిన నెల దానికే కదా సార్ మీరు మెమో ఇచ్చింది! అందుకే 'అవకాశం ఉంది' అని పెట్టా. మన సెక్షన్‌లో అందరూ అదే పెడతారు!"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"సార్! ఆయన బట్టలు కుట్టుకునే మనిషి సార్!"

"బస్టాండులో బాంబు పెట్టినవాడు సైకిళ్లు బాగుచేసుకునే మనిషి." అన్నాడు పెద్దాయన. "తొమ్మిది శవాలు మోశాను. వాడి ఫారంలో పదకొండో గడి ఏముందో తెలుసా? 'లేదు' అని ఉంది!"

బల్లి పరుగు ఆపలేదు.

"కాగితం మీద వచ్చింది, కాగితం మీదే ఆగాలి. రాసి పంపు."

"రాసేలోపు మనిషి పోతాడు సార్!"

ఫోన్ కట్.

ఇరవై ఏళ్ల కిందట టైలర్ ఒక పార్టీ పోస్టర్లు అంటించాడు. తర్వాత ఆ పార్టీని నిషేధించారు. ఏడాది జైల్లో ఉన్నాడు. తప్పేం లేదని కోర్టు వదిలేసింది. అయినా ఆయన పేరు మీద ప్రతి నెలా ఒక ఫారం.

మలుపు!

వీధి చివర బూడిదరంగు వ్యాన్. నంబరు ప్లేటు లేదు. తలుపు తెరుచుకుంటోంది...

బల్లి పక్కసందులోకి దూకుతాడు. షాపు వెనక తలుపు తోసేస్తాడు.

లోపల ట్యూబులైటు. కుప్పగా స్కూల్ యూనిఫామ్‌లు. టైలర్ బల్ల మీద గుడ్డ పరిచి పెద్ద కత్తెరతో కత్తిరిస్తున్నాడు. ఆయన భార్య కాజాలు కుడుతోంది.

"అన్నా! కత్తెర కింద పడెయ్!"

టైలర్ తలెత్తి నవ్వేశాడు. "ఏంటి తమ్ముడూ ఈ అవతారం? మంగలి అలిగాడా?"

"నవ్వుతావేంటన్నా! పోలీసులొస్తున్నారు! నేను... నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కాదు. నేనూ..."

"పోలీసువి. తెలుసు."

బల్లి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చొక్కా కుట్టించుకున్నావు చూడు, అప్పుడే తెలిసింది. నడుం కొలత తీస్తుంటే తుపాకీ తగిలింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి. ఎందుకులే అని ఊరుకున్నా."

"పొద్దున్నే ఎండలో నిలబడతావని టీ పంపించా కదయ్యా రోజూ," అంది ఆవిడ. "ఇప్పుడు ఏం రాశావు మామీద?"

"తప్పు రాశాను వదినా!" బల్లి ముందు తలుపు వైపు చూశాడు. "చేతులారా మీ కొంప ముంచాను. నన్ను తర్వాత తిట్టండి. ముందు ఇద్దరూ కింద కూర్చోండి!"

కత్తెర ఠంగుమని నేల మీద పడింది.

ధడేల్!

ముందు తలుపు ఊడిపోయింది. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుతురు. నాలుగు తుపాకులు.

"చేతులు పైకి! కదిలితే కాల్చేస్తాం!"

బల్లి ఆ ఇద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు.

"కాల్చకండి! నేను మనవాణ్ణే! డిపార్ట్‌మెంటే!"

వాళ్లకి కనిపించేది ఒక్కటే. సగం గడ్డం గీసుకున్న మనిషి. వెనక తలుపు నుంచి దూరాడు. అనుమానితుడికి అడ్డం నిలబడ్డాడు.

"అబద్ధం! వేషం మారుస్తున్నాడు!"

"నిజం సార్! కార్డు ఉంది! చూపిస్తా!"

కార్డు చొక్కా లోపలి జేబులో ఉంది. ఎవరికీ కనపడకూడదని బల్లే అడిగి కుట్టించుకున్న జేబు. జారిపడకుండా లోతుగా కుట్టాడు టైలర్.

బల్లి చెయ్యి చొక్కాలోకి వెళ్లింది...

కుట్టినవాడికి ఆ జేబు ఎంత లోతో తెలుసు. ఆ చెయ్యి ఎంతసేపు లోపలే ఉంటుందో కూడా తెలుసు.

"తమ్ముడూ, వద్దు! చెయ్యి తియ్..."

ధన్!

బల్లి యూనిఫామ్‌ల మీద వెల్లకిలా పడ్డాడు. టైలర్ మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, చేతికందిన గుడ్డ లాగి గాయం మీద అదిమాడు. మంగలి కట్టిన తెల్లగుడ్డ ఎర్రబడిపోతోంది.

"అంబులెన్స్! ఎవరైనా పిలవండయ్యా!" ఆవిడ అరుస్తోంది.

టీమ్ లీడర్ వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, టైలర్ దొరికాడు. ఇంకొకడు ఎదురు తిరిగితే కాల్చాం. పడిపోయాడు."

అవతల పెద్దాయన గొంతు. "ఇంకొకడెవరు?"

"తెలీదు సార్. సగం గడ్డం గీసుకుని ఉన్నాడు."

"వాడి దగ్గర ఆయుధం ఉందా?"

లీడర్ కిందికి చూశాడు. బల్లి చెయ్యి ఇంకా చొక్కా లోపలే ఉంది. వేళ్లు కార్డుని పట్టుకునే ఉన్నాయి. దాన్ని తీసి చూసేందుకు ఎవరూ వంగలేదు.

"అవకాశం ఉంది సార్."