మారెమ్మ కోడలు

ఆదివారం పొద్దున ధనమ్మ పొయ్యి రాజేస్తుంటే, బయటి నుంచి వచ్చిన అత్త మారెమ్మ గబగబా తలుపు మూసింది. పక్కింటి బీరమ్మకు అమ్మవారు పోసిందట, ఒళ్లంతా మశూచి పొక్కులట. కొడుకు ప్రభాకర్ పెళ్లాం పిల్లల్ని తీసుకుని మొయినాబాద్ విడిచి చేవెళ్లకు వెళ్లిపోయాడట. ఇంట్లో బీరమ్మ మూలుగు తప్ప మరో అలికిడి లేదట.

ధనమ్మ పొయ్యి వదిలి లేచింది.

పట్నంలో అంటురోగాల దవాఖానలో ఆమె నర్సు. ఆ సంగతి వాడకట్టులో ఎవరికీ తెలియదు. పట్నం మిషన్ బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పుతుందని మారెమ్మే అందరికీ చెప్పుకొచ్చింది. నిజం తెలిస్తే బావి దగ్గర బిందె ముట్టనివ్వరని, ఇంటికి చుట్టం రాడని ఆమె భయం. అందులోనూ బీరమ్మ నోరంటే మరీ భయం. వారానికోసారి ఇంటికి వచ్చే ధనమ్మ, ఎవరింట్లో జ్వరమన్నా ఏమీ తెలియనట్టు తల దించుకుని పోవలసి వచ్చేది.

"నువ్వా గడప తొక్కితే ఇన్నేండ్లు దాచింది ఒక్క పూటల బయటపడ్తది," అంది మారెమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి.

"పేరు తెల్వనోళ్లకు దినాం సేవ చేస్తున్న అత్తమ్మా. పక్కింటామె పానం పోతుంటే గమ్మున కూసుంటే నేను నర్సునెట్ల అయిత? టీకా ఏయించుకున్న, నాకేం కాదు. జర జరుగు."

మారెమ్మ కదలలేదు. మంచం మీదున్న ధనమ్మ మొగుడు సాముయేలు, తల్లినీ పెళ్లాన్నీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"జరుగు అవ్వా," అన్నాడు చివరికి.

ధనమ్మ బీరమ్మ ఇంట్లో ఉందన్న సంగతి మధ్యాహ్నానికే వాడకట్టంతా పాకింది. బావి దగ్గర గోపమ్మ చేదతాడు లాక్కుని, పట్నం నుంచి రోగాన్ని మోసుకొచ్చింది మీ కోడలేనని నలుగురిలో అనేసింది. మారెమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. కోడలిని రెక్క పట్టి ఈడ్చుకురావాలన్న కోపంతో నేరుగా బీరమ్మ ఇంటికి నడిచింది. చిన్నతనంలోనే అమ్మవారు పోసి తగ్గిన మనిషి కనుక రోగమంటే ఆమెకు బెదురు లేదు.

గుమ్మంలోనే ఆగిపోయింది. బీరమ్మ మొహం నిండా పొక్కులు. రెప్పలు అతుక్కుపోయాయి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి ధనమ్మ ఆ కళ్లను మెల్లగా తుడుస్తోంది.

"ఎవరి చెయ్యి బిడ్డా ఇది?" బీరమ్మ తడుముతూ అడిగింది.

"మారెమ్మ కోడల్ని."

ఆ మాట గుమ్మంలో మారెమ్మ చెవిన పడింది. తాను దాచిపెట్టిన కోడలు తన పేరే చెప్పుకుంటోంది. కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లింది. బీరమ్మ తలను ఒళ్లోకి తీసుకుంది.

"నేను పట్టుకుంట. నువ్వు తుడువు," అంది.

ధనమ్మ దవాఖానకు కబురంపి సెలవు పెట్టింది. సాముయేలు వాగు నుంచి కావడితో నీళ్లు మోశాడు. అత్తాకోడళ్లు వంతులేసుకుని కాపు కాశారు. జ్వరం దిగింది, పొక్కులు ఎండి రాలాయి. మచ్చలు మిగిలాయి గాని బీరమ్మ చూపు నిలిచింది.

ఆమె లేచి తిరిగిన రోజు మారెమ్మ బిందె చంకన పెట్టుకుని బావి దగ్గరికి వెళ్లింది. ఆడవాళ్లంతా చూస్తుండగా అంది, "మా ధనమ్మ కుట్టుపనికి పోతలేదు. అంటురోగాల దవాఖానల నర్సమ్మ. అబద్ధమాడింది నేను, ఆమె కాదు."

వెనకే వచ్చిన బీరమ్మ, మారెమ్మ బిందెకు ఎవరడ్డమొస్తారో చూస్తానంది. ఎవరూ రాలేదు. గోపమ్మే చేదతాడు అందించి, తన పిల్లలకు కూడా ధనమ్మ టీకాలు వేయిస్తుందేమోనని నసుగుతూ అడిగింది.

మారెమ్మ ఇంటివైపు తిరిగి, వాడకట్టు చివరి దాకా వినిపించేలా పిలిచింది.

"నర్సమ్మా, జర ఇటు రా బిడ్డా."