ప్యాచ్ వెయ్యని టైరు

“రేపు మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఆయన నా గదిలో ఉండాలి,” అన్నాడు చీఫ్. “విదేశీ గూఢచారుల పేర్లు పదకొండు ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఫోన్లని నమ్మలేం. ఆ గూఢచారుల ముఠాకి కూడా ఆయన ప్రాణాలతోనే కావాలి, ఎవరెవరి పేర్లు బయటపడ్డాయో రాబట్టడానికి.”

ఏజెంట్ నత్త వాచీ చూసుకున్నాడు. నత్త అన్నది అతని నిదానం చూసి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్. ఆ ‘ఆయన’ రహస్య సంకేతాలు విప్పడంలో పేరుమోసిన కోడ్ బ్రేకర్, నత్తకి స్వయానా పిల్లనిచ్చిన మామగారు. ఏదైనా జరిగితే చీఫ్‌కి రిపోర్ట్ రాసి ఊరుకోవచ్చు. భార్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“కారుకి రన్‌ఫ్లాట్ టైర్లు వేయించాను. బుల్లెట్ తగిలినా ఆగవు,” అని చీఫ్ మురిసిపోయాడు.

నత్త మురిసిపోలేదు. పోయిన నెల ఇలాంటి టైరుకే మేకు దిగితే ఆరు షాపులు తిరిగాడు. గాలి లేకుండా నడిచిన టైరు లోపల ఎంత దెబ్బతిందో పైకి తెలియదు, ప్యాచ్ వెయ్యలేం, కొత్తది కొనుక్కోండంటూ ఆరుగురూ చేతులెత్తేశారు. ఆ కొత్తది రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మామగారి ఊరినుంచి బయల్దేరారు. ముందు సీట్లో డిపార్ట్‌మెంట్ పంపిన ఎస్కార్ట్, నల్లకళ్లద్దాల సుందరి. “వానొచ్చేలా ఉంది,” అన్నాడు నత్త. “గొడుగు ఎండకే తెచ్చాను,” అంది. పాస్‌వర్డ్ సరిపోయింది.

వెనక సీట్లో మామగారు గతుకు గతుకుకీ ఎగిరిపడుతున్నారు. “ఏమయ్యా అల్లుడూ, ఇది కారా, రోడ్డురోలరా?”

“టైర్లు మరీ గట్టివి మామయ్యగారూ.”

అరవయ్యో కిలోమీటరు దగ్గర ఠప్పుమంది. వెనక టైరుకి బుల్లెట్! కారు ఊగింది గాని ఆగలేదు. డాష్‌బోర్డ్ మీద ఎర్రలైటు వెలిగింది. ఇక ఎనభై దాటని స్పీడులో ఎనభై కిలోమీటర్లు, అంతే. ఆఫీసు ఇంకా నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ టైర్లున్నాయి కదా అని డిక్కీలో స్టెప్నీ కూడా పెట్టలేదు.

“ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతే టైర్ల షాపుంది. నాకు తెలుసు,” అంది సుందరి.

ముగ్గురూ కారు దిగారు. షాపు బాగానే ఉంది. గోడవారగా టైర్లు, గాలి పట్టే పైపు, పక్కన ఒక పికప్ వ్యాను. మెకానిక్ నవ్వుతూ వచ్చి వంగి చూశాడు.

“రన్‌ఫ్లాటే కద సార్! పది నిమిషాల్లో ప్యాచ్ వేసేస్తా. పెద్దాయన్ని లోపల కూర్చోబెట్టండి.”

నత్తకి ఆ ఆరు షాపులవాళ్లూ గుర్తొచ్చారు. వీడు జన్మలో టైరు ముట్టినవాడు కాదు. మరి ఈ షాపు చూపించిన మనిషెవరు?

అప్పటికే సుందరి చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. దాని కొసన మత్తుసూది తళుక్కుమంది. అది మామగారి మెడకి గురిపెట్టి ఉంది.

నత్త గాలిపైపు లాగి ఆమె మొహం మీద వదిలాడు. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. సూది గురి తప్పి మెకానిక్ తొడలో దిగింది. వాడు నిలువునా కూలాడు. ఆమె కళ్లు తెరిచేసరికి చేతికి బేడీ, బేడీకి అవతల ఇనుప స్తంభం ఉన్నాయి. నత్త మెకానిక్ జేబులోంచి వ్యాను తాళం లాక్కున్నాడు.

“ఎక్కండి మామయ్యగారూ!”

పదకొండూ యాభై తొమ్మిదికి వ్యాను ఆఫీసు గేటు దాటింది. మామగారు పదకొండు పేర్లూ గడగడా అప్పజెప్పారు. నత్త అప్పుడు గాని వ్యాను తాళం చేతిలోంచి వదల్లేదు. మామగారి చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

“శభాష్! ఏం కావాలో కోరుకో,” అన్నాడు చీఫ్.

నత్త నోరు తెరిచేలోగా మామగారే అందుకున్నారు. “ఆ కారుకి మామూలు టైర్లు వేయించి, డిక్కీలో ఇంకోటి అదనంగా పెట్టించండి. మా అమ్మాయికి ఉన్నది ఒక్కడే మొగుడు.”