ఎజ్రా లాప్‌టాప్‌లో వైర్‌లెస్

ఏజెంట్ ఎజ్రాను చంపడానికి ఒక విదేశీ ముఠాకు తుపాకీ కూడా అవసరం పడలేదు. చెరుకు లారీ సరిపోయింది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, హెల్మెట్ పెట్టుకుని బుద్ధిగా ఎడమ పక్కన పోతున్న మనిషిని వెనక నుంచి గుద్ది వెళ్ళిపోయారు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? వాళ్ళకు తెలిసిన ఎజ్రా కంప్యూటర్లు బాగు చేసుకుని బతికే అమాయకుడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండు ఎదురుగా టీ హోటల్లో ఏజెంట్ హనోకుకు చీఫ్ దశరథం బ్రీఫింగ్ ఇచ్చాడు. ట్రైనింగ్‌లో హనోకు, ఎజ్రా ఒకే గదిలో ఉన్నవాళ్ళు. దశరథం ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే టీ తాగడం ఇద్దరి వల్లా కాదు.

విషయం ఇది. ఎజ్రా భార్య హెప్సిబా గల్ఫ్‌లోని ఒక రేవు పట్టణంలో ఆ ముఠా లోపలే ఉంది. ఆమె తమ మనిషే అని ముఠా నమ్మింది. కానీ ఆమె మన మనిషి. ఆ రహస్యం వాళ్ళకు తెలిసిపోయిందని నిన్న ఎజ్రా పసిగట్టాడు. ఇవాళ మన టైం ప్రకారం ఒంటిగంటకు ఆమె ముఠా లాంచీ ఎక్కాలి. ఎక్కితే తిరిగి రాదు. ఆమెకు హెచ్చరిక పంపగలిగే సీక్రెట్ కీ ఒక్క ఎజ్రా లాప్‌టాప్‌లోనే ఉంది. అది పంపడానికి ఇంటికి పోతూనే ఎజ్రా చచ్చిపోయాడు.

దశరథం లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఉన్న కవరు ఇచ్చాడు. అంత్యక్రియల బ్యాండులో డోలు కొట్టే ఇద్దరూ డిపార్ట్‌మెంట్ మనుషులేననీ, 'డోలు వదులైంది' అంటే చాలు, చూసుకుంటారనీ చెప్పాడు.

"ఎజ్రా లేడని ఆమెకు చెప్పాల్నా సార్?"

"చెప్పొద్దు. వింటే ఆడనే కూలబడ్తది. వాళ్ళ నడుమ నుంచి నడుసుకుంట బయటికి రావాలె ఆమె. ఎజ్రా రాసినట్టే రాయి."

నెరిసిన మీసం అతికించుకుని, కంప్యూటర్ షాపు సేల్స్‌మన్ వేషంలో హనోకు బోధన్ చేరేసరికి పదకొండు. ముందు గదిలో పెట్టె, చుట్టూ సంఘం వాళ్ళ పాటలు. స్నేహితుడి మొహం ఒక్కసారి చూశాడు. రెండోసారి చూస్తే పని చేయలేనని భయపడ్డాడు. తలదగ్గర ఎజ్రా తల్లి యేసమ్మ కూర్చుని ఉంది. కొడుకు షాపు నడుపుతున్నాడనీ, కోడలు దుబాయిలో నర్సనీ తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. డిపార్ట్‌మెంట్ ఫైలు ఫోటోలో హెప్సిబా నల్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో సినిమా తారలా ఉంటుంది. ఇక్కడ గోడ మీద ఫోటోలో రెండు మూరల మల్లెపూలతో సిగ్గుపడుతూ ఉంది.

పాత బిల్లులు వెతకాలని చెప్పి హనోకు వెనక గదిలోకి పోయాడు. లాప్‌టాప్ తెరిచాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఇంకేమీ లేదు. ఎవరో గదిలోకి వచ్చిపోయారన్న అనుమానంతో ఎజ్రా మూడు రోజుల కిందటే అంతా తుడిచేసి, అతి చిన్న లినక్స్ ఎక్కించాడు. కీ తప్ప అన్నీ పీకేశాడు. నెట్‌కు కావలసిన ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్ ఎప్పుడూ అతని జేబులోనే ఉండేది; అది లారీ కింద నలిగిపోయింది. ఎవరి ఫోన్‌నైనా వైరుతో కలిపి నెట్ తీసుకుందామంటే ఆ డ్రైవర్ కూడా లేదు. ఎంత జాగ్రత్తపరుడివిరా నాయనా, అని హనోకు మనసులో తిట్టుకున్నాడు. తిడుతుంటేనే కళ్ళు నిండాయి.

లోపలి భాగాల జాబితా కోసం lspci కొట్టాడు. వైర్‌లెస్ కార్డు ఉంది. నెట్‌కు సిద్ధంగా ఉన్నవేవో చూపమని ip link కొట్టాడు. అందులో దాని జాడ లేదు. సిస్టం చిట్టా dmesg చూస్తే అసలు రోగం దొరికింది: కార్డును నడిపించే ఫర్మ్‌వేర్ ఫైలు లేదు. అది నెట్‌లో దొరుకుతుంది. నెట్ రావాలంటే అది కావాలి.

మిషన్ నియమం ప్రకారం తన ఫోన్ నిజామాబాద్‌లోనే వదిలేశాడు. పోయి యేసమ్మను అడిగాడు. ఆమె తన ఫోన్ తీసి, తెర మీద గీత గీసి తెరిచింది.

"ఏలు పడది బిడ్డా. బీడీలు చుట్టి చుట్టి గీతలన్ని అరిగినయ్. రేషన్ మిషన్ల గూడ పడది," అంది. ఫోన్ చేతిలో పెడుతూ గొంతు తగ్గించింది. "పొద్దుగాల సంది కోడలికి చేస్తున్న. కలుస్త లేదు. నీకు కలిస్తే చెప్పు. ఆఖరుసారి మొఖమన్న సూసుకుంటది."

హనోకు సరేనని తలూపాడు. ఆ తలూపడం అబద్ధమని అతనికి తెలుసు.

పెన్ను మూతలో దాచిన పెన్‌డ్రైవ్‌లోకి ఫర్మ్‌వేర్ దించి, ఫోన్ తిరిగిచ్చి, లాప్‌టాప్‌లో దాని చోట దాన్ని పెట్టి, డ్రైవర్‌ను తీసి మళ్ళీ ఎక్కించాడు. కార్డు కళ్ళు తెరిచింది. rfkill చూస్తే రేడియోకు తాళం. అదీ తీశాడు. తీరా చూస్తే, పాస్‌వర్డ్ చెప్పి వైఫైలో చేర్చే ప్రోగ్రాం wpa_supplicant లేదు. పన్నెండున్నర. మళ్ళీ ఫోన్ కోసం బయటికి పరుగు.

తలుపు పక్కనే గంగుబాయి అనే ఆవిడ నిలబడి ఉంది. బాల్కొండ నుంచి వచ్చాననీ, ముప్పై ఏళ్ళుగా బీడీలు చుట్టి బతుకుతున్నాననీ పొద్దుటి నుంచి అందరికీ చెప్పుకుని ఏడుస్తోంది. ఇప్పుడు కొంగు చాటున ఫోన్ తీసి, బొటనవేలు ఇలా ఆనించింది. ఫోన్ టక్కున తెరుచుకుంది.

ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన వేలికి గీతలెక్కడివి?

హనోకు వాకిట్లోకి పోయి, డోలు వదులైందని మెల్లగా అన్నాడు. వాయించే ఇద్దరూ వచ్చి, దుఃఖంతో సొమ్మసిల్లిన చుట్టాన్ని పట్టుకున్నట్టే గంగుబాయిని రెండు రెక్కలూ పట్టి వ్యాన్‌లో కూర్చోబెట్టారు. ఆమె ఫోన్‌లో ముఠాకు సగం టైప్ చేసిన మెసేజ్ ఉంది. పంపలేదు.

యేసమ్మను మళ్ళీ అడిగి ఫోన్ తెచ్చి, ప్రోగ్రాం దించి ఎక్కించాడు. యేసమ్మ ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుంది. పన్నెండు యాభై. ఎజ్రా కీతో సందేశం పంపాడు: లాంచీ ఎక్కొద్దు, వెంటనే బయటికి రా.

జవాబు నిమిషంలో వచ్చింది. "ఇయ్యాల ఇంట్ల ఏం కూర?"

హనోకుకు వెంటనే అర్థమైంది. అది వాళ్ళిద్దరి మధ్య గుర్తు. సరైన మాట రాకపోతే ఆమె నమ్మదు. నమ్మకపోతే లాంచీ ఎక్కుతుంది. చావు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఏం కూర అని రాయాలి?

పరుగెత్తాడు. అప్పటికే పెట్టె భుజాల మీదికి లేచింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అవ్వా, హెప్సిబా ఏం కూర అని అడిగితే ఎజ్రా ఏమని చెప్పేటోడు?"

మోసేవాళ్ళు నిర్ఘాంతపోయారు. పాస్టరు చెయ్యి పట్టి లాగాడు. యేసమ్మ మాత్రం కోప్పడలేదు.

"పుంటికూర. మటన్ వండినా గదే చెప్పేటోడు. పెండ్లయినంక ఎనిమిది దినాలు గదే పెట్టిన. ఆమె నవ్వాలెనని గట్ల చెప్పేటోడు."

లోపలికి పోయి టైప్ చేశాడు. పన్నెండు యాభై ఏడు.

"మళ్లీ గదేనా. సరే, వస్తున్న. నువ్వు తిన్నవా?"

తిన్నానని రాశాడు. చనిపోయిన మనిషి పేరు మీద రాసిన ఆ ఒక్క మాట దగ్గర హనోకు వెక్కి వెక్కి ఏడ్చాడు. బయట పాట దూరమైపోతోంది. స్నేహితుడి మీద పిడికెడు మన్ను వేసే వేళకు అతను అక్కడ లేడు.

సమాధుల నుంచి తిరిగొచ్చిన యేసమ్మ ఫోన్ తీసుకుంటూ కోడలు కలిసిందా అని అడిగింది. కలవలేదన్నాడు. పదిహేనేళ్ళ సర్వీసులో అంత కష్టంగా ఏ అబద్ధమూ చెప్పలేదు.

మూడో రోజు హెప్సిబా హైదరాబాద్‌లో దిగింది. నల్లద్దాలు తీసి, హనోకు భుజం మీదుగా వెనక్కి చూసింది, ఎజ్రా వచ్చాడేమోనని. ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి హనోకే చెప్పాడు. ఆమె అరవలేదు. పుంటికూర అని రాసింది నువ్వా, అని మాత్రం అడిగింది.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి ఫైలు తిరిగొచ్చింది. ఏజెంట్ ఎజ్రా మరణించిన మర్నాడు సందేశం పంపినట్టు రికార్డు చూపుతోంది, లాప్‌టాప్ గడియారం తప్పు నడుస్తున్నట్టుంది, సరిచేసి మళ్ళీ పంపగలరు అని రాసి ఉంది.